ఎవరూ రాయని నలభై మూడో భాగం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. పొద్దున మా వంటింట్లో కనిపించిన చుంచెలుక మధ్యాహ్నానికి నా నోట్లో పందికొక్కు అవుతుంది. సాయంత్రం టీ కొట్టు దగ్గరికి చేరేసరికి దూడంత అవుతుంది. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక తీసేసి మిగిలింది వింటుంది. మీరూ అలాగే చదవండి. ఇందులో నేను కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను.

ఇంకో సంగతి. దెయ్యాలూ శకునాలూ నేను నమ్మను. నౌపడలో ఉప్పు మళ్ల పక్కన పెరిగాను. ఆ తెల్లటి కుప్పల మధ్య తల లేని ఆడమనిషి తిరుగుతుందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడని పుట్టించింది నేనే, ఎనిమిదో తరగతిలో. తయారు చేసినవాడికి భయం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు కాశీబుగ్గలో ఒక చిన్న జీడిపప్పు షెడ్డులో గుమస్తాని. పేరు కూర్మారావు. పప్పు మీద ఎర్ర పొట్టు ఒలిచే ఆడవాళ్లు మా దగ్గర ఇరవై మంది ఉంటారు. వంద అని రాయమని చెయ్యి పీకుతోంది, ఆపుకుంటున్నాను. పప్పుకి మరక అంటకూడదని ఫోన్లన్నీ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బుట్టలో పెట్టిస్తాం. ఇక రోజంతా వాళ్ల చేతులకి పని, చెవులకి ఖాళీ. ఆ ఖాళీ చెవుల కోసం, యాభై మూడేళ్ల వయసులో, ఇంతింత మీసాలు పెట్టుకుని నేను ప్రేమ నవలలు చదివి వినిపించే పనిలో పడ్డాను.

అవి మామూలు ప్రేమలు కావు. ఫోన్లో రోజుకో భాగం వచ్చే రకం. నల్ల రెక్కల రాజు ఒకడు. వాడికి శాపం. వాడి కోటలో పొద్దు పొడవదు. కుమ్మరి పిల్ల ఒకతి. వాళ్లిద్దరికీ పుట్టకముందే బంధం రాసిపెట్టి ఉంది. ఒకరికి దెబ్బ తగిలితే రెండోవాళ్లకి అదే చోట కందిపోతుంది. వద్దన్నా వదలదు. రాజు భాగానికి మూడుసార్లు పళ్లు నూరి, నువ్వు నాదానివి అంటాడు. మొదటి వారంలోనే ఒకావిడ, వాడినెవరైనా పళ్ల డాక్టరుకి చూపించండర్రా అంది.

భాగం అయ్యాక కింద పాఠకులు రాసిన అభిప్రాయాలు కూడా చదవాలి, లేకపోతే ఊరుకోరు. అసలు కథకన్నా వాళ్లకి అవే ఇష్టం. ఎవరో అమ్మాయి తలగడ తడిసేలా ఏడ్చానంది. ఇలాంటివాడు నాకెందుకు దొరకలేదని ఇంకో అమ్మాయి. ఒక ఇల్లాలు మాత్రం, నా కాలు విరిగిన రోజున మా ఆయన క్రికెట్ చూస్తూనే ఉన్నారు, ఆయనకి ఎక్కడా కందలేదు అని రాసింది. షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు.

నవ్వని వాళ్లు ఇద్దరు. దాలమ్మ, నీలమ్మ.

దాలమ్మది ఉద్దానంలో కొబ్బరి తోటల ఊరు. నీలమ్మది వజ్రపుకొత్తూరు వైపు చేపలు పట్టేవాళ్ల ఊరు. పదేళ్ల వయసులో ఇద్దరూ నేస్తరికం కట్టుకున్నారు. మా వైపు అది మామూలు స్నేహం కాదు. పెద్దవాళ్ల ముందు బట్టలు మార్చుకుని, ఒకరి చేత్తో ఒకరు తీపి తిని కట్టుకునేది. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, నేస్తం అనే పిలవాలి. ఇంట్లో శుభకార్యమైతే తాంబూలం పెట్టి, కొత్త చీర పట్టుకుని, స్వయంగా వెళ్లి పిలవాలి. అంతకు తక్కువైతే అది పిలుపే కాదు.

పెద్ద తుపాను వచ్చి తోటలన్నీ నేలకి పడుకున్న ఏడాది, నీలమ్మ కొడుకు పెళ్లి. నీలమ్మ పెళ్లి కార్డు ఫొటో తీయించి ఫోన్లో పంపింది. తన చెట్లన్నీ కూలిపోయి కూర్చున్న దాలమ్మకి నేస్తం రాలేదు, బొమ్మ వచ్చింది. ఆవిడ పెళ్లికి వెళ్లలేదు. రాలేదెందుకని నీలమ్మ అడగలేదు.

అప్పటి నుంచి మాటల్లేవు. ఒకే షెడ్డులో ఒకరు తలుపు దగ్గర, ఒకరు కిటికీ దగ్గర. వాళ్ల కష్టం చూడండి. నేస్తం అని పిలవడానికి మనసొప్పదు. పేరు పెట్టి పిలవడానికి ఆచారం ఒప్పదు. దాంతో ఆరేళ్లుగా దాలమ్మకి ఆవిడ కిటికీ కాడ మనిషి, నీలమ్మకి ఈవిడ తలుపు కాడ మనిషి.

ఒక రోజు నలభయ్యో భాగంలో రాజుకి బాణం తగిలి, కుమ్మరి పిల్ల భుజం కందింది. అందరూ అయ్యో అన్నారు. దాలమ్మ మాత్రం చేతిలో పప్పు దించకుండా అంది:

"రాసి పెట్టీసినదాంట్లో గొప్పేటుంది బావా? తప్పించుకోలేక కలిసున్నారు. మనకి మనం కట్టుకున్నదే గట్టిది."

అన్నాక తనే తల దించేసింది. కిటికీ దగ్గర నుంచి నీలమ్మ నా వైపు చూస్తూ, నాకే చెబుతున్నట్టు అంది:

"కట్టుకున్నోలు తెంపీసుకోలేదేటి గుమస్తా బావా? రాసిందయితే ఆ పిల్ల తెంపాలన్నా తెగదు."

ఆరేళ్లలో వాళ్లిద్దరి మధ్య నేను విన్న మొదటి సంభాషణ అదే. అదీ నా మీదుగా, నల్ల రెక్కల రాజు మీదుగా.

మర్నాడే నీలమ్మ పని మానేస్తున్నట్టు చెప్పింది. కొడుకు మంగళూరు బోట్లలో పనికి కుదిరాడు, కోడలితో సహా అందరూ అక్కడికే వెళ్లిపోతున్నారు. ఆదివారం పలాస స్టేషన్లో రైలు. ఇంటికి తాళం. మళ్లీ ఎప్పుడొస్తారో వాళ్లకే తెలీదు. చెప్పి వెళ్తూ తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడింది. దాలమ్మ తల ఎత్తలేదు. ఆ సాయంత్రం ఆవిడ ఒలిచిన పప్పులో సగం విరిగిపోయి ఉంది. ఎన్నేళ్ల నుంచో చూస్తున్నాను, ఆవిడ చేతిలో గుండు, అంటే నిండు పప్పు, విరగడం అదే మొదటిసారి.

ఇక శుక్రవారం సంగతి. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోను తీశాను. నలభై మూడో భాగం ఇంకా రాలేదు, రేపు వస్తుందని తాళం బొమ్మ చూపిస్తోంది. నీలమ్మ తప్ప అందరూ నోరు తెరుచుకుని కూర్చున్నారు. రాలేదని చెబితే నాకు పరువు తక్కువ. అబద్ధాలు నాకు కొత్తా? ఖాళీ తెర చూస్తూ, చదువుతున్నట్టు గొంతు పెట్టి నేనే అల్లడం మొదలెట్టాను.

కుమ్మరి పిల్ల సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో ఒంటరిగా ఉందన్నాను. అటక మీద నుంచి పెట్టె దించబోయి పడిందన్నాను. పెట్టె ఎడమ కాలి మీద పడింది. పక్క గదిలో ఏదో మోగుతోంది గానీ అందదు. కేక వేస్తే అలల హోరులో కలిసిపోతోంది. ఇదంతా నోటికి ఎలా వచ్చిందో అలా చెప్పాను. ఎవరో, పెట్టెలో ఏటుంది బావా అని అడిగారు. ఆలోచించకుండానే చెప్పేశాను: కొత్త చీర, ఆకుపచ్చది, ఎర్ర అంచు, కొసలకి పసుపు రాసి ఆరేళ్లుగా మడత విప్పనిది.

దాలమ్మ పళ్లెం కింద పడింది. ఎడమ చీలమండ పట్టుకుని లేచి నిలబడింది. అక్కడ అరచేయంత మేర ఎర్రగా కందిపోయింది. నడు బావా అంది. ఎక్కడికి అని నేను అడగలేదు. మోటారు సైకిలు తీశాను.

అరగంట దారి. నా బండి వేగానికి జీడితోటలు వెనక్కి ఎగిరిపోయాయని రాద్దును గానీ, అది ముప్పై దాటితే దగ్గుతుంది. దారంతా దాలమ్మ చెయ్యి నా భుజం మీదే ఉంది.

నీలమ్మ ఇంటి తలుపు చేరవేసి ఉంది. కొడుకూ కోడలూ ప్రయాణం సామాన్లకి టెక్కలి వెళ్లారు. పక్కిళ్లవాళ్లు వలల దగ్గర ఉన్నారు. అలలు హోరుమంటున్నాయి. లోపల నీలమ్మ అటక కింద నేల మీద పడి ఉంది. రేకు పెట్టె ఎడమ కాలి మీద అడ్డంగా ఉంది. పక్క గదిలో ఛార్జింగుకి పెట్టిన ఫోను మోగుతోంది. పడి గంటన్నర దాటిందట. నోరు ఎండిపోయి కేక వేసే ఓపిక కూడా లేదు.

ఇద్దరం పెట్టె పక్కకి లాగాం. దాలమ్మ ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు పట్టింది. గొంతు తడిశాక నీలమ్మ అంది:

"పెట్టి తీసి సూడు నేస్తం. నీదే అది. పెళ్లప్పుడే కొన్నాను. దారంతా సెట్లు పడిపోయి రానేకపోనాను. తరవాత మొకం సూపించనేకపోనాను."

పెట్టె తీసింది నేను. అన్నిటికన్నా అడుగున ఉంది చీర. ఆకుపచ్చది. ఎర్ర అంచు. కొసలకి పసుపు నల్లబడి ఉంది.

ఇది పెంచి చెప్పడం కాదు. గోడ పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత నేను చాలా రోజులు లెక్కలు వేసుకున్నాను. అటకలూ రేకు పెట్టెలూ అందరి ఇళ్లల్లో ఉంటాయి. ప్రయాణం ముందు పెట్టెలు దించుతారు. సముద్రం ఒడ్డున అలలు హోరెత్తుతాయి. అంతవరకూ సరే. చీర మాటేమిటి? షెడ్డులో ఎప్పుడైనా నోరు జారి నాకు చెప్పావా అని నీలమ్మని అడిగాను. కన్నకొడుక్కే చెప్పలేదంది. కొన్నప్పుడు తోడెవరైనా ఉన్నారా అని అడిగాను. ఒంటరిగా వెళ్లి కొందట, మడత పెట్టి అడుగున దాచిందట. నేను ఆ శుక్రవారానికి ముందు వాళ్ల ఇంటి గడప తొక్కలేదు.

అసలు నలభై మూడో భాగం మర్నాడు వచ్చింది. అందులో పెట్టె లేదు, చీర లేదు. రాజు మూడుసార్లు పళ్లు నూరాడు, అంతే. కింద అభిప్రాయాల్లో ఒకావిడ ఈ భాగం చప్పగా ఉందని రాసింది. షెడ్డులో అందరూ అవునన్నారు.

నీలమ్మ కాలి ఎముక చిట్లింది. కొడుకూ కోడలూ ఆదివారం రైలెక్కారు. ఆవిడ మాత్రం కట్టు విప్పేదాకా దాలమ్మ ఇంట్లోనే ఉంది. నెలన్నర తర్వాత తనూ మంగళూరు వెళ్లింది. స్టేషన్లో దాలమ్మ ఆ ఆకుపచ్చ చీర కట్టుకుని, ఎవరూ మొయ్యలేనన్ని కొబ్బరికాయలు తెచ్చి రైలు పెట్టెలోకి ఎక్కించింది. ఇప్పుడు మధ్యాహ్నం నేను చదవడం మొదలుపెట్టే ముందు మంగళూరుకి ఫోను కలిపి కిటికీ గూట్లో పెడతాం. నీలమ్మ అక్కడి నుంచే రాజుని తిడుతుంది. దాలమ్మ ఇక్కడి నుంచి సమర్థిస్తుంది. పార్టీలు మారాయి, పోట్లాట మాత్రం మారలేదు.

కల్పించింది చెబుతానన్నాను కదా. దాలమ్మ కాలు కందలేదు. చీలమండ మీద ఏ గుర్తూ లేదు. ఆవిడ పళ్లెం పడిపోలేదు, ఆవిడ ముందు లేవలేదు. ముందు లేచింది నేను. చీర రంగు చెప్పేశాక నాకు భయమేసింది. ఫోను కింద పెట్టి, నీలమ్మ ఇంటికి వెళ్లాలి అన్నాను. ఎందుకన్నానో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. దాలమ్మ పళ్లెం పక్కన పెట్టి వచ్చి బండెక్కింది. నల్ల రెక్కలు, కందిన గుర్తులు అంటే మీకు నమ్మబుద్ధవుతుంది గానీ, కూర్మారావు భయపడ్డాడంటే కాశీబుగ్గలో ఎవరూ నమ్మరు. అందుకే ఆ పని దాలమ్మకి అంటగట్టాను.

మిగిలిందంతా జరిగింది జరిగినట్టే. ఆ తలుపు ముందు బండి ఇంకా ఆగకముందే దాలమ్మ దూకేసి, లోపల మనిషి ఉందో లేదో కూడా తెలియకుండా, నేస్తం అని పిలిచింది. అది నేను రాసింది కాదు. నాకు అంత చక్కగా అల్లడం రాదు.