కోడూరు దారిలో ధాన్యం

అవనిగడ్డ నుంచి కోడూరుకి సరదాగా సైకిల్ మీద వెళ్తున్నాను. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. ఎదురుగా వచ్చిన లారీని తప్పుకోబోయి, రాయికి కొట్టుకుని పడ్డాను. మోచేయి చీరుకుపోయింది.

"రోడ్డేమన్నా మీ కళ్లమా?" అని ధాన్యం దగ్గరున్న పెద్దావిడ మీద అరిచాను.

"మా కళ్లం తవ్వించేసి పొలం ఆసామి రొయ్యల చెరువు చేశాడండీ," అందావిడ ఆకాశం వంక చూస్తూ. "మబ్బు కమ్ముకొచ్చేస్తోంది. ముందీ బరకం కొస పట్టుకోండి బాబూ, తర్వాత తిడుదురుగాని."

పట్టుకున్నాను. ఇద్దరం ధాన్యం మీద కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి వాన దంచేసింది. ఆవిడ కొంగు పిండుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"ఇప్పుడు తిట్టండి."

అంత వానలో తడిసినా నా కోపం చల్లారలేదు. కానీ కళ్లం తవ్వించిన ఆసామి ఆ రోడ్డు మీద లేడు.