అక్క కారులో షట్టర్ బటన్

తెలీబంధా చెరువు వెనక వీధిలో ధనుంజయ్‌కి కార్ల ఎలక్ట్రికల్ షాపు ఉంది. బోర్డు మీద ఇంకేదో పేరున్నా, రాయ్‌పూర్‌లో బండ్లవాళ్లకి అతను 'వైజర్‌వాలా'. మంచి పనితనం వల్ల వచ్చిన పేరే అది. అయినా ఇప్పుడెవరైనా ఆ పేరుతో పిలిస్తే అతనికి మొహం మాడిపోతుంది.

వాళ్లది పలాస వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. తండ్రి వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో మిగిలిన ఆడమనిషి అక్క సరోజిని ఒక్కతే, అతనికన్నా ఎనిమిదేళ్లు పెద్దది. తమ్ముడికి తలంట్లు పోసిందీ, వాడి చదువు గురించి స్కూల్లో మాస్టార్ల చేత చీవాట్లు తిన్నదీ ఆమే. ధనుంజయ్ పదో తరగతి రెండుసార్లు తప్పితే తండ్రి బెల్టు తీశాడు. సరోజిని అడ్డం నిలబడి, మర్నాడే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఫాఫాడీలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లింది. "భయ్యా, వీడికి చదువు ఎక్కలేదు గానీ చెయ్యి మంచిది. ఒక్క నెల చూడండి" అని హిందీలో బతిమాలింది. ధనుంజయ్ నెల కాదు, ఆరేళ్లున్నాడు అక్కడ. రెండువేల మూడులో సొంత షాపు పెట్టుకున్నాడు.

వైజర్ పేరు రావడానికి కారణం ఒక కాంట్రాక్టరు తెప్పించుకున్న విదేశీ కారు. ఎండ కళ్లలో పడకుండా డ్రైవరు కిందికి దించుకునే పలక ఉంటుంది చూడండి, దాన్నే సన్ వైజర్ అంటారు. ఆ కారు వైజర్‌లోనే మూడు బటన్లున్నాయి. నొక్కితే ఇంటి దగ్గర కారు షెడ్డు షట్టరు దానంతటదే లేవాలి. కానీ ఇక్కడ మనవాళ్లు బిగించే షట్టరు మోటార్లకీ ఆ బటన్లకీ లంకె కుదరలేదు. నలుగురు మెకానిక్కులు కాదు పొమ్మన్నాక కారు ధనుంజయ్ దగ్గరికి వచ్చింది.

అతను వైజర్ కుట్టు బ్లేడుతో విప్పాడు. షట్టరు రిమోట్ ఒకటి తెప్పించి, డొప్ప తీసేసి, లోపలి చిన్న బోర్డుని వైజర్‌లో పెట్టి దాని తీగలు బటన్‌కి అతికాడు. మాటిమాటికీ సెల్ మార్చే బాధ లేకుండా పైకప్పు లైటు దగ్గర్నుంచి కరెంటు తెచ్చి, దాన్ని రిమోట్‌కి సరిపడేలా తగ్గించాడు. మళ్లీ అదే రంగు దారంతో కుట్టేశాడు. కాంట్రాక్టరు ఇంటి ముందు బటన్ నొక్కగానే షట్టరు గరగరమంటూ లేచింది. లోపల కుర్చీలో కూర్చున్న కాంట్రాక్టరు తల్లి ఎవరూ తాకకుండా అది ఎలా లేచిందో అర్థంకాక "హే రామ్!" అని చెంబు వదిలేసింది. ఆ కథ వారంలో ఊరంతా తిరిగింది. మామూలు కార్లవాళ్లు కూడా మాకూ బటన్ పెట్టమని క్యూ కట్టారు.

సరోజిని భర్త భీమారావు ఉర్లాలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. మాట కరుకు, షిఫ్టు డ్యూటీలు. ఆమె మందిర్ హసౌద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. రెండు ఆటోలు మారి వెళ్లేది. నలభై ఆరేళ్ల వయసులో ఒకరోజు అన్నం దగ్గర, "నేను కారు నేర్చుకుంటాను" అంది. భీమారావు పొలమారేలా నవ్వాడు. ధనుంజయ్ నవ్వలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే నయా రాయ్‌పూర్ తీసుకెళ్లేవాడు. అక్కడ ఎనిమిది బండ్లు పట్టే రోడ్లు, మనిషి కనబడడు.

"క్లచ్చి మెల్లగా వదలక్కా."

"మెల్లగానే వదుల్తన్నానురా, అదే గెంతుతోంది!"

వానాకాలం మొదలయ్యేసరికి గెంతడం మానింది. ఒక తెల్ల చిన్నకారు సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నారు. సరోజిని ఇద్దరు తోటి టీచర్లని ఎక్కించుకుని స్కూలుకి వెళ్లేది. పమిట కొంగు నడుముకి దోపుకుని, అద్దం సర్దుకుని, పేద్ద లారీ డ్రైవర్‌లా హారన్ కొట్టే అక్కని షాపు గుమ్మంలోంచి చూసినప్పుడల్లా ధనుంజయ్‌కి ఛాతీ పొంగేది.

అవంతి విహార్‌లో వాళ్లింటి ముందు మురుగుకాలువ ఉంది. అందుకని కారు షెడ్డులోకి సిమెంటు వాలు ఎత్తుగా కట్టించారు. భీమారావు షట్టరుకి మోటారు పెట్టించాడు. రెండు రిమోట్లు. ఒకటి అతని తాళాల గుత్తికి వేలాడేది. రెండోది సరోజిని హ్యాండ్‌బ్యాగులో పరీక్ష పేపర్లకీ కళ్లజోడు డబ్బాకీ అడుగున ఎక్కడో ఉండేది. ఆమె వెతుక్కునేలోగా ఆ ఇరుకు వీధిలో వెనక బండ్లు హారన్లు మోగించేవి.

రెండువేల పద్దెనిమిది వేసవి సెలవుల్లో ఆమె తమ్ముణ్ణి అడిగింది. "ఒరే ధనా, ఊరందరికీ పెడతన్నావు, నాకూ ఆ బటన్ పెట్టీరా."

"అదెంత పనక్కా! రిమోట్ ఇలా ఇచ్చీ. ఆదివారం వచ్చి కారు పట్టుకుపోతాను."

రిమోట్ జేబులో వేసుకుని వెళ్లాడు. షాపులో సొరుగులో పెట్టాడు.

ఆ ఆదివారం పెళ్లివాళ్ల బండి వచ్చింది. ఆ పై ఆదివారం ఏసీ పని. అదీగాక అక్క కారుకి మామూలుగా పని కానివ్వడం అతనికి ఇష్టం లేదు. పాత వైజర్ గుడ్డ మాసిపోయింది, కొత్త వైజర్ తెప్పించి అందులో పెడదామనుకున్నాడు. అది వచ్చేసరికి పది రోజులు. వచ్చాక కూడా దుమ్ము పడకుండా కవర్లోనే ఉంది. బయటివాళ్లు నెత్తి మీద నిలబడి పని చేయించుకుంటారు. అక్క అలా నిలబడదు, అదీ అసలు సంగతి.

జూన్‌లో బడి తెరిచారు. రిమోట్ లేక సరోజిని రోజూ కారు వాలు మొదట్లో ఆపి, దిగి, వాలు ఎక్కి, పక్క తలుపు తాళం తీసి, ఇంట్లోంచి షెడ్డులోకి వెళ్లి, గోడ స్విచ్చి నొక్కి, మళ్లీ బయటికొచ్చి కారు ఎక్కేది. ఒకరోజు ఫోన్ చేసింది.

"ధనా, మా స్కూలు దగ్గర ఒకాయన గంటలో పెట్టీస్తాడటరా. నీకు తీరిక లేకపోతే అక్కడ..."

"అక్కా! వైజర్‌వాలా అక్క కారులో ఇంకొకడు బటన్ పెట్టాడంటే నలుగురూ నవ్వరేటి? నా ఇజ్జత్ ఏం కాను? ఎవరికీ ఇవ్వకు. ఈ ఆదివారం పక్కా."

ఆమె నవ్వింది. "సర్లే. పోనీ ఆ రిమోట్ అయినా పంపరా, అందాకా వాడుకుంటాను."

"రెండు రోజులకి మళ్లీ తేవడమెందుకక్కా? ఓపిక పట్టు."

ధనుంజయ్ భార్య మాలతి ఆ మాటలు విని, "సాయంత్రం వచ్చేటప్పుడు వదినకి రిమోట్ ఇచ్చేసి రండి, దారిలోనే గదా" అంది. అతను తలూపాడు. సాయంత్రం వేరే దారిన వచ్చాడు. మర్చిపోయాడంతే.

జూలైలో ముసురు పట్టింది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి సరోజిని ఎప్పట్లాగే వాలు దగ్గర కారు ఆపి దిగింది. నాలుగు రోజుల వానకి సిమెంటు మీద పాచి పట్టి ఉంది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో తాళాలు. కాలు జారి పక్కకి పడింది. ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చేసరికి ఆమె వానలోనే పడి ఉంది. లేవలేకపోయింది. కుడి తుంటి ఎముక విరిగింది.

ధనుంజయ్ ఆసుపత్రికి చేరేసరికి భీమారావు ఫ్యాక్టరీ బూట్లతోనే అక్కడున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చూశావా, దరిద్రపు రిమోట్! సెల్ అయిపోయిందట. వారం నుంచి దిగి నడుస్తందట. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే కొత్త సెల్ వేసీవాణ్ణి కాదా?"

ధనుంజయ్ మంచం వైపు చూశాడు. సరోజిని మొహం గోడ వైపు తిప్పుకుంది. 'సెల్ కాదు బావా, రిమోట్ నా సొరుగులో ఉంది' అన్న మాట నాలుక దాకా వచ్చింది. నర్సు వచ్చి రక్తం గ్రూపు అడిగింది. ఆ మాట లోపలికి పోయింది.

మర్నాడు ఎవరూ లేనప్పుడు అడిగాడు. "ఎందుకక్కా అలా చెప్పావు?"

"మీ బావ కోపం తెలుసు గదా. మీరిద్దరూ మాటలు మానేస్తే నా ఎముక అతుక్కుంటదేటి?" అంది. ఆ వెంటనే, "మంచినీళ్లియ్యి" అంది.

ఆపరేషనైన రెండో రోజు అతను కారు షాపుకి తెచ్చుకున్నాడు. కొత్త వైజర్ విప్పాడు, బోర్డు పెట్టాడు, పైకప్పులోంచి తీగ దింపాడు, కుట్టాడు. మొత్తం పని మధ్యాహ్నం టీలోగా అయిపోయింది. అంతే పని. అది తెలిశాక అతను స్టీరింగు ముందు కూర్చుని చాలాసేపు దిగలేదు. బయట ఎవరో "వైజర్‌వాలా భయ్యా ఉన్నారా?" అని పిలిస్తే పలకలేదు.

సరోజిని మొదట వాకర్‌తో, తర్వాత కర్రతో నడిచింది. చలికాలంలో ఒకరోజు తమ్ముణ్ణి పిలిపించి కారులో కూర్చుంది. కుడికాలు బ్రేకు మీద పెట్టింది. నొక్కింది. కాలు వణికింది గానీ బ్రేకు సగం కూడా దిగలేదు. ఇంకోసారి నొక్కింది. తర్వాత వైజర్ దించి బటన్ నొక్కింది. షట్టరు లేచింది.

"చాలా బాగా చేశావురా. కుట్టు ఎక్కడుందో కూడా తెలీట్లేదు" అంది.

కర్ర అందుకుని దిగిపోయింది. ఆ కారు ఆమె మళ్లీ నడపలేదు. ఆటోల్లో ఎక్కి దిగడం చేతకాక ఏడాది చివర్లో బడి మానేసింది. తోటి టీచర్లిద్దరూ మళ్లీ ఆటోల్లోనే వెళ్లసాగారు.

కారు మూడేళ్లు షెడ్డులో నిలబడి ఉంది. భీమారావు రిటైరయ్యాక అభన్‌పూర్ మనిషికి అమ్మేశాడు. కారు చేతిలో ఉన్నవాడికి ఇల్లు తెరుచుకుంటుంది గనక, బటన్ తీసెయ్యమని ధనుంజయ్‌కి కబురు పెట్టాడు. అతను వచ్చి వైజర్ కుట్టు విప్పుతుంటే భీమారావు పక్క సీట్లో కూర్చుని పైకప్పు చూస్తున్నాడు.

"బావా" అన్నాడు ధనుంజయ్, బ్లేడు పక్కన పెట్టి. "ఆ రోజు రిమోట్ సెల్ అయిపోలేదు. రిమోట్ అక్క దగ్గర లేదు. నేను పట్టుకెళ్లి షాపులో పడేశాను. ఇంకొకడి చేత చేయించుకుంటానన్నా వద్దన్నాను."

భీమారావు పైకప్పు మీంచి చూపు దించాడు. తర్వాత, "అప్పుడే చెప్పి ఉంటే నిన్ను నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణిరా. ఇన్నాళ్లూ మీ అక్కని తిట్టాను. సెల్ వేయించుకోవడం కూడా చేతకాదని పదిమందిలో అన్నాను. అది ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు" అన్నాడు.

కారు తలుపు తెరుచుకుని దిగి లోపలికి వెళ్లాడు. ఇంట్లో ఇద్దరి గొంతులూ వినిపించాయి, తక్కువ స్వరంలో. ఏం అనుకున్నారో ధనుంజయ్‌కి తెలీదు. విప్పిన బోర్డు జేబులో వేసుకుని, చెప్పకుండానే వెళ్లిపోయాడు. రెండు నెలల దాకా ఆ ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

చివరికి సరోజినే ఫోన్ చేసింది. ఖాళీ అయిన షెడ్డులో వీధి పిల్లలకి లెక్కలు చెప్తానంది, రెండు ట్యూబులైట్లు కావాలంది. అతను అప్పుడు ఎవరిదో బండి కింద పడుకుని ఉన్నాడు. లేచి, చేతులు తుడుచుకుని, అలాగే వెళ్లాడు. లైట్లు పెట్టాడు, ఫ్యాను పెట్టాడు. మేస్త్రీని తెచ్చి వాలు పగలగొట్టించి మెట్లు కట్టించాడు, పట్టుకుని దిగడానికి పక్కన ఇనుప చేపట్టు వేయించాడు. భీమారావు వచ్చి చేపట్టు ఊపి చూసి, "గట్టిగానే ఉంది" అన్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు ఆ షెడ్డులో పదిమంది పిల్లలు చాప మీద కూర్చుంటారు. సరోజిని కుర్చీలోంచి హిందీలో పాఠం చెప్తుంది, కోపం వస్తే తెలుగులో తిడుతుంది. షాపు మూసి వచ్చే దారిలో ధనుంజయ్ అక్కడ ఆగుతాడు. పిల్లల్ని సాగనంపడానికి ఆమె చేపట్టు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగి దిగుతుంటే చెయ్యి అందించబోతాడు. "నాకు వస్తదిలే, నువ్వుండు" అంటుంది ఆమె. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, ఆమె రోడ్డు మీద కాలు పెట్టేదాకా కిందే నిలబడి ఉంటాడు.