ముందు డబ్బా మూత తీసే ఆంథోని

కారేపల్లి చుట్టుపక్కల బర్రె ఎదకొచ్చిందంటే రైతు మొదట ఫోన్ చేసేది ఆంథోనికే. ఆయన చదివింది ఊరి బడిలో పదో తరగతి. అయితేనేం, పశువులు చూడి కట్టేలా వీర్యం ఎక్కించే ఎద సూదులు వేయడంలో ఆయనది మంచి చేయి అని టేకులపల్లి దాకా పేరు. ఇలా సూదులు వేసేవాళ్ళలో ఉత్తమ గోపాలమిత్ర అని జెండా పండుగనాడు శాలువా కప్పించుకున్నాడు. శిక్షణకొచ్చిన డిగ్రీ పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాడు. వాగు పొంగినా వీర్యపు గొట్టాలుండే నైట్రోజన్ డబ్బా నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డున ఉన్న బర్రె దగ్గరకు పోయాడు. ఆయన సూదికి పుట్టిన దూడలన్నిటినీ ఒకచోటికి తోలితే సంత మైదానం చాలదు. ఇవన్నీ ఆయన చెప్పుకునేవే. అయినా అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది ఒక అలవాటు. సూది వేసిన బర్రె చూడి కట్టక మళ్ళీ ఎదకొస్తే రైతు దాన్నే తిడతాడు, గొడ్డుబోతు అని కోతకు అమ్మేస్తానంటాడు. ఆంథోని ముందు తన డబ్బా మూత తీసేవాడు. లోపల నైట్రోజన్ అడుగంటితే గొట్టాల్లోని వీర్యం చచ్చిపోతుంది. ఇక ఎన్ని సూదులు వేస్తే మాత్రం ఏం లాభం?

"ఆగవయ్యా, బర్రెననే ముందు నా డబ్బా చూసుకోనియ్యి," అనేవాడు. ఆ మాటతో ఎన్ని బర్రెలు కటికవాళ్ళ చేతికి పోకుండా బతికాయో.

సొంత ఇంట్లో మాత్రం ఆ మూత ఎన్నడూ తీయలేదు.

భార్య లిదియాకు కడుపు పండలేదు. ఖమ్మంలో థైరాయిడ్ చూపించారు, హార్మోన్ సూదులు వేయించారు, ఉపవాస ప్రార్థనలు చేయించారు. ఆ సూదులకు ఆమె ఒళ్ళు ఉబ్బింది, మొహాన మచ్చలొచ్చాయి. ఎవరింట్లో గాజులు తొడిగే వేడుక జరిగినా ఆమె పొయ్యి దగ్గరే ఉండిపోయేది. ఒకసారి మెల్లగా అడిగింది.

"మీరు గూడ ఒకపాలి చూపెట్టుకోరాదుండ్రి?"

వాకిట్లో నలుగురు రైతులున్నారు. ఆంథోని పెద్దగా నవ్వాడు. "ఇన్ని దూడలను పుట్టిచ్చినోణ్ని, నాకా పరీక్ష!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. లిదియా మళ్ళీ అడగలేదు. ఆయన మాత్రం ఆ జోకును చాలా ఏళ్ళు వాడుకున్నాడు.

చనిపోయిన తమ్ముడి కొడుకు జస్టిన్ వాళ్ళ దగ్గరే పెరిగాడు, ట్రాలీ ఆటో నడుపుతాడు. పెళ్ళై నాలుగేళ్ళయినా భార్య దీవెన నీళ్ళోసుకోలేదు. ఈ క్రిస్మస్ దాటితే ఆమెను పుట్టింటికి పంపేస్తానని జస్టిన్ పట్టుబట్టాడు. చివరిసారి చూపిద్దామని లిదియా బలవంతం చేస్తే, కిరాయి ఉందని వాడు తప్పించుకున్నాడు. ఇంటి పెద్దగా ఆంథోనియే ఆడవాళ్ళిద్దరినీ ఖమ్మం తీసుకెళ్ళాడు.

డాక్టర్ వనజ గోడమీది బొమ్మ చూపించింది. "మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంది చూశారా? దాని హార్మోన్ల వల్లే ఆడవాళ్ళలో అండం పండుతుంది, మగవాళ్ళలో వీర్యకణాలు తయారవుతాయి."

"తెలుసమ్మా, పిట్యూటరీ," అన్నాడు ఆంథోని. బర్రెల్లో ఏ హార్మోను ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో గడగడా అప్పజెప్పాడు. జెండా పండుగనాటి శాలువా సంగతి కూడా చెప్పబోయాడు.

డాక్టర్ నవ్వింది. "అయితే మీకు నేను చెప్పేదేముంది? ఈ అమ్మాయికి అన్నీ బాగున్నాయి. భర్త పరీక్ష ఏదీ? అది చాలా తేలిక, అసలు మొదట చేయించాల్సిందే అది. వయసొచ్చాక అతనికి గవదబిళ్ళలు గానీ వచ్చాయా? అవి కిందికి దిగి వృషణాలు వాస్తే కొందరిలో వీర్యకణాలు పుట్టడం ఆగిపోతుంది."

జస్టిన్‌కు రాలేదు. వచ్చింది ఆంథోనికి, పెళ్ళికి ముందు ఏడాది. దవడలు వాచిన వారానికి గజ్జలు కూడా వాచాయి, అడుగు తీసి అడుగు వేయలేకపోయాడు. అమ్మ ఆముదపు ఆకులు వెచ్చజేసి కట్టింది. జ్వరం తగ్గింది, అందరూ మరిచిపోయారు.

"మీ బర్రె చూడి కట్టకపోతే మొదట ఏం చూస్తారు?" అని సరదాగా అడిగింది డాక్టర్.

డబ్బా అన్న మాట ఆంథోని నోట్లోనే ఆగిపోయింది. లిదియా బొమ్మ వైపే చూస్తోంది. ఆమె అటు నుంచి తల తిప్పలేదు.

ఇంటికి రాగానే ఆంథోని జస్టిన్‌ను పిలిచాడు. "రేపు నువ్వు నాతోని దవాఖానకొస్తున్నవ్. పరీక్ష నీకు చేపియ్యాలె."

"నాకేంది పెదనాయనా? మన ఇంట్ల మగోళ్ళకు పరీక్షలా? ఇన్ని దూడలను పుట్టిచ్చినోణ్నని నువ్వే అంటివి గద!" జస్టిన్ నవ్వాడు.

ఆ నవ్వులో ఎవరూ కలవలేదు.

"అంటిని. ఆ మాటకు నవ్వినోళ్ళంత ఇండ్లకు వోయిండ్రు. మీ పెద్దమ్మ ఒక్కతే దాంతోని బతికింది," అన్నాడు ఆంథోని. "నాలెక్క కాకు బిడ్డా."

జస్టిన్ ఒకసారి పెద్దమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. మర్నాడు వెళ్ళాడు. వీర్యకణాలు తక్కువున్నాయని తేలింది, ఆరు నెలలు మందులు వాడమన్నారు. నయమవుతుందో లేదో డాక్టర్ మాట ఇవ్వలేదు. దీవెన పుట్టింటికని కట్టుకున్న సంచి మాత్రం విప్పింది.

ఆ సాయంత్రం లిదియా కళ్ళంలో మిరపకాయలు ఏరుతోంది. ఆంథోని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేను గూడ చూపెట్టుకుంట," అన్నాడు.

"ఇప్పుడు చూపెట్టుకొని ఏం జేస్తరు?" తాలుకాయను పక్కకు వేసింది. "మీ కొట్టంల బర్రెనైనా గాకపోతిని. ముందు మీ డబ్బా చూసుకునేటోళ్ళు."



ఫోన్ మోగింది. రెండో గంట మోగకముందే ఎత్తే మనిషి కదలలేదు. మోగీ మోగీ ఆగి మళ్ళీ మోగింది. లిదియా కొంగుకు చేతులు తుడుచుకుని ఎత్తింది. అవతలి రైతు సూది వేసిన బర్రె మళ్ళీ ఎదకొచ్చిందని కోపంగా అరుస్తున్నాడు.

"వస్తున్నరు," అంది లిదియా. "వచ్చి డబ్బా చూసేదాక బర్రెనేం అనకు."