నేనన్న ‘నో’

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. మావారు పనిచేసే కార్ల కంపెనీ ఆఫీసుకి ఒకాయన వచ్చి లీగల్ ప్లాన్ అమ్మిపోయాడు. నెలనెలా జీతంలోంచి కొంత పట్టుకుంటారు, అవసరమైతే లాయర్‌కి ఫోన్ చేసుకోవచ్చు. “మనం ఏ నేరం చేద్దామని?” అని గట్టిగానే దెప్పాను. లాయర్‌కి ముందే డబ్బు కట్టి కష్టం కోసం కాచుక్కూర్చోవడమేమిటని నాకు ఒళ్లు మండింది.

ఆ చలికాలమే యాక్సిడెంట్ అయింది. నాలుగు వైపులా స్టాప్ సైన్లున్న కూడలి అది, ఎవరైనా ఆగే కదలాలి. నేను ఆగి, అటూ ఇటూ చూసుకుని కదిలాను. ఒక ముసలాయన కారు మంచు మీద జారుకుంటూ వచ్చి నా పక్క డోర్‌ని గుద్దింది. నేను ఆగనేలేదని ఆయన పోలీసుతో చెప్పాడు. పోలీసు నా కిటికీ దగ్గరికి వచ్చి, “సో, యూ డిడ్‌న్ట్ స్టాప్?” అన్నాడు. “నో, నో” అన్నాను. అతను జరిమానా టికెట్ రాసి నా చేతిలోనే పెట్టాడు.

అప్పటికే స్పీడింగ్ టికెట్లు రెండున్నాయి. ఇదీ పడితే లైసెన్స్ పోతుందని భయం. బస్సు లేని ఊళ్లో లైసెన్స్ పోతే హాస్పిటల్ ల్యాబ్‌లో నా ఉద్యోగం కూడా పోయినట్టే. అది దొరకడానికి నేనెంత తిరిగానో నాకే తెలుసు. అన్నం సహించలేదు. చివరికి మావారే ఆ ప్లాన్ నంబర్ తిప్పి ఫోన్ నాకిచ్చారు.

లాయర్ ఓపిగ్గానే విన్నాడు. ఆఖర్న, “యూ డిడ్‌న్ట్ స్టాప్?” అన్నాడు.

“నో.”

అయితే ఫైన్ కట్టేయడం మేలన్నాడు. నాకు తిక్క రేగింది. ఆగినదాన్ని నేనెందుకు కట్టాలని అరిచాను.

“ఆగలేదని ఇప్పుడే అన్నారుగా” అన్నాడాయన. తర్వాత నెమ్మదిగా, పోలీసు కూడా ఇలాగే అడిగాడా అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ‘ఆగలేదన్నమాట’ అంటే ‘కాదు, ఆగాను’ అనడం మన మాట. ఆ ‘కాదు’నే నేను ‘నో’ చేశాను. వాళ్లకి ‘నో’ అంటే ఆగలేదని.

కోర్టుకి రావడం ప్లాన్‌లో లేదట, వస్తే వేరే ఫీజట. ఒక్క సలహా మాత్రం ఇచ్చాడు. యెస్, నో అనే మాటలు నోట్లోంచి రానివ్వకండి, ఏం చేశారో అది చెప్పండి అన్నాడు.

కోర్టులో పోలీసు, “అడిగాను, ఒప్పుకుంది” అన్నాడు. అతనికి తెలిసినంతలో అది అబద్ధం కాదు. జడ్జి కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు.

“యూ డిడ్‌న్ట్ స్టాప్, మ్యామ్?”

‘నో’ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగపట్టాను. వెనక బెంచీలో మావారు దగ్గుతున్నారు.

“ఐ స్టాప్డ్” అన్నాను.

తర్వాత, అలా అడిగితే మా భాషలో ‘నో’ అంటే ఆగాననే అర్థమని తడబడుతూ చెప్పాను. ఆమె ‘నో’ తప్ప ఇంకేమైనా అందా అని జడ్జి పోలీసుని అడిగాడు. లేదన్నాడతను. టికెట్ కొట్టేశారు.

తిరిగొచ్చేటప్పుడు మావారు నవ్వుతూ, “కోర్టుకి రాని లాయర్ మనకెందుకు, మానేద్దామా?” అన్నారు.

“ఉంచండి” అన్నాను. కట్టిన డబ్బు ఆ ఒక్క ఫోన్‌తో చెల్లిపోయిందనిపించింది.

ఆయన ఏదో అంటూనే ఉన్నారు, నాకు వినపడలేదు. మా అమ్మాయి పుట్టినప్పటి హాస్పిటల్ గది గుర్తొచ్చింది. అప్పటికి మేము ఈ దేశం వచ్చి ఏడాది కూడా కాలేదు. నొప్పులతో నేను మెలికలు తిరుగుతుంటే నర్సు మందు ఇవ్వకుండా వెళ్లిపోయింది. వీళ్లకి జాలి లేదని అన్నేళ్లూ కనపడినవాళ్లందరికీ చెప్పాను. ఆమె వంగి అడిగిన మాట ఇప్పుడు, కారులో, స్పష్టంగా వినిపించింది.

“యూ డోంట్ వాంట్ ఎనీథింగ్ ఫర్ ద పెయిన్?”

“నో, నో” అన్నాను నేను.