చట్టసభకు ఎదురొచ్చినదాన్ని

చెన్నపట్నం చట్టసభలో మన జిల్లా తరఫున కూర్చునే పెద్దమనిషి నాకు అన్నయ్య వరస. రాజమండ్రిలో వాళ్ళింట్లో వంట చేసేదాన్ని. మొగుడు పోయినదానికి అంతకంటే పెద్ద కొలువు ఎవరిస్తారు? కానీ నా అసలు కొలువు వేరే. ఆయన సభలో ఏమడగబోతున్నారో కలెక్టరు కచేరీ గుమాస్తాకు ముందే తెలియాలి. వీధి గుమ్మంలో నిలబడి అడిగితే కచేరీ పరువేం కావాలి? అందుకని పెరటి గుమ్మంలోకొచ్చి మజ్జిగ అడిగేవాడు. దొరతనానికీ చట్టసభకూ మధ్య రాయబారమంతా నా మజ్జిగ ముంత మీదుగానే నడిచేది.

ఆ యేడు రామచంద్రపురం దగ్గర మా పుట్టింటి ఊళ్ళో మురుగు కాలువ పూడిపోయి, కార్తీకం దాకా చేలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. గింజ రాలేదు. నీటి తీరువ మాత్రం కట్టమన్నారు. చేలో నీళ్ళున్నాయిగా మరి, వాడుకున్నట్టేగా! కట్టకపోతే మా తమ్ముడి పొలం వేలం. వడ్డిస్తూ అన్నయ్యగారి చెవిన వేశాను. ఆయన కరిగిపోయి ప్రశ్న రాయించారు.

మర్నాడే గుమాస్తా ఇంకో కాగితంతో దిగాడు.

"మీవాళ్ళ ప్రశ్న కాస్త ఘాటుగా ఉందండి, పిన్నిగారూ. ఇది చల్లగా ఉంటుంది," అని చదివి వినిపించాడు.

చల్లగానే ఉంది. కాలువలు తవ్విస్తున్న దొరతనానికి వందనాలట. అడగడమన్నదే లేని ప్రశ్న! ఎప్పటిలాగే నేనే లోపలికి అందించాను. అన్నయ్యగారు దాన్నే సంచీలో పెట్టుకున్నారు. పక్క సర్దుతుంటే తలగడ కింద మా కాగితం కనబడింది. మా ఊరి పేరు వరకూ కూడబలుక్కుని చదవగలను లెండి.

ప్రయాణం రోజు వచ్చింది. గోదావరి దాటి కొవ్వూరులో రైలెక్కాలి. వదినగారు ఎప్పటిలాగే నన్ను వెనకింట్లోకి పొమ్మన్నారు. నేను చుట్టుతిరిగి వీధిలోకొచ్చి, ఆయన గడప దాటేసరికి ఎదురుగా నిలబడ్డాను.

"ఛీ! బుద్ధుందా? ప్రయాణమప్పుడు ఎదురొస్తావేంటే?"

లోపలికెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరారు. నేనూ మళ్ళీ ఎదురొచ్చాను. పడవ వెళ్ళిపోతుందని బండివాడు గోల పెడుతున్నాడు.

"ఏం కావాలే నీకు?"

"తలగడ కింద కాగితం సంచీలో పడాలండి, అన్నయ్యగారూ. పడేదాకా ఇక్కడే ఉంటాను. నాకు మాత్రం ఇంకేం పనుంది?"

"సరే, ఏడు!"

"సభలో అడగకుండా వచ్చారో, వచ్చే ప్రయాణానికీ నేనే ఎదురండి."

దొరల ముందు ఇంగ్లీషులో వాదించే మనిషి నా బోడితల ముందు నిలబడలేకపోయారు. కాగితం మార్చుకుని వెళ్ళారు. అడిగారు కూడా.

జవాబు రాసి పంపమని కచేరీకి తాఖీదు వచ్చింది. అక్కడ మా ఊరు చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. గుమాస్తా పెరట్లోకొచ్చాడు.

"నీళ్ళు ఎంత లోతుండేవండీ, పిన్నిగారూ?"

"మొలలోతు. రాసుకో. ముందు ఆ మజ్జిగ తాగు."

ఈ మాట పెరట్లోంచి కచేరీకి వెళ్ళడానికి చెన్నపట్నం చుట్టి రావలసి వచ్చింది.

ఆ యేటి తీరువ మాఫీ అయింది. తమ్ముడి పొలం నిలిచింది. అన్నయ్యగారికి మేళం పెట్టి దండలు వేశారు. శుభమా అని జరుగుతుంటే నువ్వెందుకని నన్ను వెనకింట్లోకి పొమ్మన్నారు. వెళ్ళాను. కాలువ పూడిక మాత్రం ఇంకా తియ్యలేదు. అందుకని, మళ్ళీ ప్రయాణం ఎప్పుడో వదినగారిని అడిగి ఉంచుకున్నాను.