అసాకుసాలో చవితి చేసిన యాదమ్మక్క

నిన్న పొద్దున టిఫిన్ బాక్స్ కడుతుంటే ఫోన్ వచ్చింది.

యాదమ్మక్క లేదట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

స్టవ్ ఆపిన. మొన్ననే భజనలో నా పక్కన కూసొని తాళాలు కొట్టిన మనిషి.

కానీ అక్క గురించి ఏడ్చుకుంట రాయబుద్ధి అయితలేదు. ఆమె గెలిచిన మనిషి.

పటాన్‌చెరులో మా జపాన్ కంపెనీల అక్క ప్యాకింగ్ లైన్ లీడర్. మా లైన్‌కు పోయినేడు ప్రైజ్ వచ్చి, అక్కను టోక్యో ట్రైనింగ్‌కు పిలిచిన్రు. అప్పటిదాక ఒక్క ఆడమనిషి పోలేదు.

తీరా చూస్తే ఆ వారంలోనే వినాయక చవితి.

"పూజ ఇడిసి ఇమానం ఎక్కితే గణపయ్యకు నా మొకం ఎట్ల సూపియ్యాలె? నేను పోను."

సూపర్‌వైజర్ నవ్విండు. "గందుకే ఆడోళ్లను పంపొద్దంటం. నా పేరు రాయున్రి."

అప్పుడు మా జపాన్ సార్ ఫోన్‌ల చూపించిండు. టోక్యోలో అసాకుసా అని పాత పేట. అక్కడ చిన్న గుట్ట మీద గణపతి గుడి.

అక్క ఫోన్ గుంజుకుని చూసింది. "ఆడ గూడ ఉన్నడా? అయితే పోత!"

చవితి పొద్దున పర్మిషన్ తీసుకుని పోయి, నాకు వీడియో కాల్ చేసింది. పట్టుచీర, కాళ్లకు ఫ్యాక్టరీ బూట్లు.

ఎర్ర లాంతరు వేలాడే పెద్ద దర్వాజ. రెండు దిక్కుల దుకాణాలు. దారిల ఉన్న పెద్ద బౌద్ధ గుడి ముందు ధూపం పొగను జనం, రోగం పోతదని, తలకు, మోకాళ్లకు పట్టించుకుంటున్నరు. అక్క కూడా పట్టించుకుని, అక్కడి నుంచి గుట్టకు నడిచింది.

ఆ గుళ్లో విగ్రహాన్ని ఎవరికీ చూపించరట. నైవేద్యం ముల్లంగి!

"ఇదేం గుడి అక్కా?" అన్న.

"తలుపేసుకుంటే మన గణపయ్య గాకపోతడా? ఆయిన ఈడ ఏం తింటే గదే పెడత."

ముల్లంగి సమర్పించి వచ్చి, బయట మెట్ల పక్కన కూసొని వ్రతకథ మొత్తం తెలుగులో చదివింది. ఒక జపాన్ ముసలమ్మ వచ్చి పక్కన కూసొని చేతులు జోడించింది.

కథ అయింది. అక్షింతలు లేవు. అక్క ఉత్త చెయ్యే తల మీద పెట్టుకుంటే, ఆ అమ్మ కూడా పెట్టుకున్నది.

"అయింది సూడే! చవితి అయింది! ఇగ ట్రైనింగ్ గూడ సూస్త!" అని అక్క అరిస్తే, ఇస్నాపూర్‌ల నా ఇంట్ల నేను చప్పట్లు కొట్టిన.

వచ్చే నెల మా లైన్ నుంచి ఇద్దరు ఆడపిల్లలు జపాన్ పోతున్నరు. ఈసారి ఎవరూ ఏమీ అనలే.

పోయిరా అక్కా, తలెత్తుకుని పోయిరా. ఆ స్వామి దగ్గర నీ ప్రాణం సల్లగుండాలె.