ఇంకొకరి పేరున్న మంచాలు

పుంగనూరులో చెంగల్రాయుడిది చిన్న వెల్డింగ్ షెడ్డు. ఇరవై ఏండ్లుగా చుట్టుపక్కల సర్కారు హాస్టళ్లకు ఇనుప మంచాలు చేసిచ్చినాడు. పిల్లలు ఎక్కి ఎగిరినా కిర్రుమనని మంచాలవి.

తర్వాత కొనుగోళ్లన్నీ ఆన్‌లైన్ టెండర్లయినాయి. స్థానికంగా తయారుచేసేవాళ్లకే ముందు అవకాశమని పేపర్లో చదివి ఆశగా ఆఫీసుకు పోయినాడు. ఒక్క ఏడాదిలో వెయ్యి మంచాలు సరఫరా చేసినట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు.

"నా మంచాలు మీరే సూసినారు కదా సార్?"

"మంచం బాగానే ఉండాది అప్పా. నీ దగ్గర కాగితం లేదు," అన్నాడు గుమాస్తా.

టెండరు ఎక్కడో దూరపు కంపెనీకి పోయింది. నెల తిరక్కుండానే దాని ఏజెంటు వినోద్ షెడ్డుకొచ్చినాడు. మంచాలు నువ్వు చెయ్యి, పేరు మాది అన్నాడు. షెడ్డు మూతపడుతుందన్న భయంతో చెంగల్రాయుడు ఒప్పుకున్నాడు. ప్రతి మంచానికీ కంపెనీ పేరున్న రేకును తన చేత్తోనే బిగించినాడు.

మంచాలు దించడానికి హాస్టల్‌కు వినోద్ వెంట ఆయనా పోయినాడు. తనిఖీకొచ్చిన ఆఫీసరు ఒకదాన్ని ఊపి చూసి, "పెద్ద కంపెనీ పనంటే ఇట్లుండాల. మనోళ్లకు యాడొస్తాది?" అన్నాడు.

చెంగల్రాయుడు ఉండబట్టలేకపోయినాడు. "ఇవన్నీ నేను చేసినవే సార్!"

ఆఫీసరు వినోద్ వైపు చూసినాడు. "మా కూలీ సార్, ఏదో అంటాడు," అని వినోద్ నవ్వేసినాడు.

రెండో విడత మంచాల పనిని వినోద్ మదనపల్లెలో ఇంకో షెడ్డుకు ఇచ్చేసినాడు. చెంగల్రాయుడు ఇప్పుడు కిటికీ గ్రిల్స్ చేసుకుంటాండాడు.

"యాల నోరు తెరిచినావు?" అని భార్య కాంతమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

"నా పనిని నా ముందరే ఇంకొకరిదంటే యాడ ఊరకుండేది?" అంటాడు.